రెండు రోజుల సుఖం ఇచ్చే సూది: స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి మన గూడేలకు తెలియాల్సింది

(యువజన శిక్షణలో మాట్లాడిన మాటలు. రాసి పెట్టమని చాలామంది అడిగారు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.)



పోడు గురించి, పట్టాల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈరోజు ఒక చిన్న సీసా గురించి మాట్లాడతాను. రెండు మిల్లీలీటర్లు ఉంటుంది. నీళ్లలాగే రంగు లేకుండా ఉంటుంది. పేరు డెక్సామెథాసోన్. జ్వరమని, ఒళ్లు నొప్పులని, మోకాళ్లని, నీరసమని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే చాలా చోట్ల సిరంజిలోకి ఎక్కేది ఇదే. మనం దానికి "పవర్ సూది" అని పేరు పెట్టుకున్నాం.

ముందు అదేంటో తెలుసుకుందాం. మన మూత్రపిండాల పైన చిన్న గ్రంథులు ఉంటాయి. అవి కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. దాన్ని పోలిన మందులే స్టెరాయిడ్లు. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు కీళ్లవాతంతో మంచం పట్టిన మనిషికి మొదటిసారి కార్టిసోన్ ఇచ్చాడు. కొద్దిరోజుల్లోనే ఆ మనిషి లేచి నడిచింది. 1950లో హెంచ్‌కూ, మరో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి ఇది చెడ్డ మందు కాదు, గొప్ప మందు. గొప్ప మందు కాబట్టే జాగ్రత్త కావాలి.

ఇది చేసే పని వాపును, మంటను అణచడం. జ్వరం దిగుతుంది, నొప్పి పోతుంది, ఆకలి వేస్తుంది, హుషారు వస్తుంది. డెక్సామెథాసోన్ ప్రభావం దాదాపు రెండు రోజులు ఉంటుంది. అందుకే "సూది వేయించుకున్నాక రెండ్రోజులు బాగుంది, మళ్లీ మొదలైంది" అని మన పెద్దవాళ్లు అంటుంటారు. మందు రోగాన్ని ముట్టుకోలేదు మరి. ఊళ్లో నిప్పంటుకుంటే డప్పు కొట్టి చెప్తారు. ఆ డప్పు లాక్కుంటే మోత ఆగుద్ది గానీ నిప్పు ఆరదు కదా! జ్వరమూ అలాంటి డప్పే.

ఇంకో లెక్క చెప్తాను. ఒక సీసాలో మామూలుగా 8 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మాత్రలు పది ఒకేసారి మింగినట్టు. "ఒక్క చిన్న సూదే కదా" అనుకునే ముందు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి.

మన ప్రాంతానికి ఈ ప్రమాదం ఎందుకు ఎక్కువో చూడండి.

మలేరియా. ఏజెన్సీలో వానాకాలం జ్వరమంటే ముందు రక్తపరీక్ష జరగాలి. మెదడుకు ఎక్కిన మలేరియాకు డెక్సామెథాసోన్ పనికొస్తుందేమోనని థాయిలాండ్‌లో పరీక్షించి చూశారు. 1982లో ఫలితం వచ్చింది. మందు ఇచ్చినవాళ్లు ఇంకా ఎక్కువసేపు స్పృహ లేకుండా ఉన్నారు, వేరే ఇబ్బందులూ పెరిగాయి. పరీక్ష చేయకుండా ఈ సూది వేస్తే జ్వరం దిగినట్టు కనిపిస్తుంది, లోపల మలేరియా ముదురుతుంది.

క్షయ. స్టెరాయిడ్ ఒంట్లో రక్షణ శక్తిని తగ్గిస్తుంది. దాగి ఉన్న టీబీ లేచి కూర్చుంటుంది. మెదడు పొరలకు వచ్చిన టీబీలో డాక్టర్లే స్టెరాయిడ్ ఇస్తారు, కానీ టీబీ మందులతో కలిపి, ఆసుపత్రిలో పెట్టుకుని ఇస్తారు.

సికిల్ సెల్. మన బిడ్డల్లో ఇది ఎంత ఉందో మీకు తెలుసు. ఈ జబ్బు ఉన్నవాళ్లకు నొప్పులు వచ్చినప్పుడు స్టెరాయిడ్ వేస్తే, దాని ప్రభావం దిగాక నొప్పులు తిరగబెట్టే ప్రమాదం ఉంది. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద పరీక్ష ఉచితం. చేయించుకోండి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందే చెప్పండి.

షుగర్. స్టెరాయిడ్ షుగర్‌ని పెంచుతుంది. 2021లో కోవిడ్ రెండో దశలో బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్లలో చాలామందికి షుగర్ ఉంది, విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లూ ఉన్నాయి. అదే డెక్సామెథాసోన్ 2020లో ప్రాణాలు కూడా కాపాడింది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధనలో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం ఏ లాభమూ కనబడలేదు. మందు ఒకటే. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నదే తేడా.

నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, బీపీ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి, కంటికి శుక్లాలు వస్తాయి. నొప్పి మాత్రలతో కలిస్తే కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు. ఒంట్లోని గ్రంథులు సొంతంగా కార్టిసాల్ చేయడం మానేస్తాయి. అందుకే చాన్నాళ్లుగా వాడుతున్నవాళ్లు ఈ మాటలు విని రేపే ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు మెల్లగా తగ్గిస్తారు.

ఈ సూది తప్పకుండా కావాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. ఉబ్బసం బాగా ముదిరి ఊపిరాడనప్పుడు ఇస్తారు. మందు పడక, కందిరీగలు కుట్టి ఒళ్లంతా దద్దుర్లతో ఊపిరి ఆగిపోతుంటే ముందు అడ్రినలిన్ పడాలి, స్టెరాయిడ్ దాని తర్వాతే. నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన తల్లికి, 24 నుంచి 34 వారాల మధ్యలో, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ 12 గంటలకోసారి నాలుగు సార్లు ఇస్తారు. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి డోసు ఏఎన్ఎం ఇవ్వొచ్చని 2014లో కేంద్ర ప్రభుత్వమే మార్గదర్శకాలు ఇచ్చింది. డోలీలో తల్లిని మోసుకెళ్లే మనకు ఆ మొదటి డోసు విలువ వేరే చెప్పాలా? మీ ఉపకేంద్రంలో ఆ మందు ఉందా అని వెళ్లి అడగండి.

మోకాలి కీలులోకి వేసే స్టెరాయిడ్ కూడా ఉంది. అది తెలిసిన డాక్టరు శుభ్రమైన చోట వేయాలి. ఒకే కీలుకు మూడు నెలలన్నా గడవకుండా మళ్లీ వేయరు. సంతలో, అరుగు మీద వేయించుకునేది కాదు.

ఇక మనం చేయాల్సినవి. సూది వేసే ముందు "ఇది ఏ మందు, ఎందుకు?" అని అడగండి. పేరు చీటీ మీద రాయించుకోండి, ఖాళీ సీసాను ఫోన్‌తో ఫొటో తీయండి. సిరంజి, సూది మీ కళ్లముందే కొత్త ప్యాకెట్ చించి తీయాలి. గర్భం, షుగర్, టీబీ, సికిల్ సెల్ ఉంటే ముందే చెప్పాలి. జ్వరమైతే ఆశా అక్క దగ్గర మలేరియా పరీక్ష ముందు, సూది సంగతి తర్వాత. డాక్టరు చీటీ లేకుండా ఈ మందు అమ్మడం చట్టం ప్రకారం తప్పు. చదువుకున్న మీరు ఈ ముక్కలు కోయలో, గోండిలో, కువిలో, సవరలో, కొలామిలో మీ అమ్మానాన్నలకు చెప్పండి. వాళ్ల తరఫున అడిగే నోరు మీరే.

ఒక మాట మాత్రం మర్చిపోవద్దు. ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లారని మనవాళ్లను తిట్టకండి. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది అతనే, అప్పు పెట్టేదీ అతనే. పీహెచ్‌సీకి దారి లేని చోట, దారి ఉన్నా డాక్టరు లేని చోట పవర్ సూదే వైద్యం అవుతుంది. అందుకే సూది మానమని మనవాళ్లకు చెప్పడంతో మన పని అయిపోదు. పీహెచ్‌సీలో డాక్టరు ఉండాలి, ఆశా చేతిలో పరీక్ష కిట్లు ఉండాలి, ఉపకేంద్రంలో మందులు ఉండాలి. వచ్చే గ్రామసభలో ఈ మూడూ తీర్మానంగా రాయించండి. సంతకాలు పెట్టించి ఐటీడీఏ పీఓకి ఇవ్వండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

జోహార్!