మన తోరణం ఎవరి గుర్తు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన మట్టెవాడ నుంచి రైలు పట్టాలు దాటితే ఖిలా వరంగల్ ఎంతో దూరం లేదు. సెలవు రోజున సైకిల్ మీద అక్కడికి పోనివాళ్లు ఈ సభలో ఉండరు. అక్కడి తోరణమే ఈనాడు రాష్ట్ర అధికార చిహ్నంలో ఉన్నది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించిన చిహ్నమది. కాకతీయ తోరణం, దాని నడుమ చార్మినార్, పైన అశోకుని సింహాలు. సర్కారు కాగితం ఏది తీసినా మన ఊరి రాయి కనిపిస్తుంది.

2024 మే నెలలో దీన్ని మారుద్దామన్న ప్రయత్నం జరిగింది. ఇవి రాచరికపు గుర్తులు, ప్రజాస్వామ్యంలో ఎందుకన్నది వాదన. వరంగల్‌లోనూ హైదరాబాద్‌లోనూ నిరసనలు వచ్చాయి, జూన్ 2న రావలసిన కొత్త చిహ్నం ఆగింది. రాజకీయం నాకు వద్దు. ఆ వాదనను మాత్రం ఒకసారి పట్టి చూద్దాం.

రాజుల గుర్తు అంటే ఏమిటి? కాకతీయుల లాంఛనం వరాహం. వారి శాసనాల రాళ్ల మీద సూర్యచంద్రులతో పాటు చెక్కి ఉంటుంది. అంతకు ముందు గరుడ లాంఛనం ఉండేది. నిజాముల జెండా పసుపుపచ్చనిది, నడుమ గుండ్రని తెల్లటి బిళ్ల. అది కుల్చా రొట్టె అంటారు. మొదటి నిజాంకు ఒక సూఫీ గురువు రొట్టెలు పెడితే ఆయన ఏడు తిన్నాడనీ, అందుకే ఏడు తరాలు ఏలుతారని దీవించాడనీ కథ. వరాహం 1323లో ఓరుగల్లుతో పోయింది, రొట్టె 1948 సెప్టెంబరులో పోయింది. మళ్లీ తెమ్మని ఎవరూ అడగలేదు. వంశం గుర్తు వంశంతోనే పోతుంది.

తోరణం సంగతి వేరు. చాలామంది దాన్ని కోట గుమ్మం అనుకుంటారు, కాదు. కోట నడుమ ఉండిన స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిపిన నాలుగు తోరణాల్లో ఒకటి. ఎత్తు సుమారు 30 అడుగులు. తలుపులు లేవు. ఆ గుడి కూలిపోయింది, దాని ముక్కలు ఇప్పటికీ అక్కడే పడి ఉన్నాయి, నాలుగు వాకిళ్లు మాత్రం నిలిచాయి. పై దూలం కొసల మీద హంసలు, కింద వేలాడే తామర మొగ్గలు. వాటిలో రాజు బొమ్మ నాకెక్కడా కనపడలేదు. కనపడేదల్లా పేరు తెలియని శిల్పుల చేయి.

అయితే రెండో వైపు మాట కూడా బరువైనదే. మేడారం జాతరకు పోయే మనకు సమ్మక్క సారలమ్మల కథ తెలుసు. కరువులో కప్పం కట్టలేమన్న కోయల మీదికి ప్రతాపరుద్రుడి సైన్యం పోయిందన్నది జనశ్రుతి. ఆ తల్లులకు మొక్కేవారికి కాకతీయుల పేరు వినగానే గుచ్చుకుంటే తప్పు పట్టలేం. తోరణానికి రాయి మోసినవారెవరు, ఖర్చుకు శిస్తు కట్టినవారెవరు అని అడగవలసిందే. నా మటుకు, ఆ ప్రశ్న అడగడానికైనా తోరణం చిహ్నంలో ఉండాలి. తీసేస్తే ప్రశ్న కూడా పోతుంది.

ఇంకొకటి. ఆ కోట కాకతీయులదే కాదు. 1946 ఆగస్టు 11న అక్కడ జాతీయ జెండా ఎగరేసిన సందర్భంలో రజాకార్ల దాడిలో బత్తిని మొగిలయ్య ప్రాణం పోయింది. ఆయన రాజు కాదు, కల్లుగీసే మనిషి. జెండా అంటే గుడ్డ కాదని మన ఊరివాళ్లకు పుస్తకం చదివి తెలియలేదు. మన పిల్లల్ని కోటకు తీసుకుపోయినప్పుడు హంసలతో పాటు ఆయన పేరూ చెప్పమని సార్లకు నా మనవి.

మన సంఘం బ్యాడ్జి మీద తోరణం వేయాలని కమిటీ అనుకుంటున్నదట. సంతోషం. కాని బొమ్మ గీసేవారిని ఒకసారి కోటకు పంపండి. ఊళ్లో కట్టిన కొన్ని సిమెంటు తోరణాల మీద హంసలు బాతులైనాయి, కొన్నిటి మీద అవి కూడా లేవు. మన బ్యాడ్జి చిన్నదైనా సరే, రెండు హంసలూ ఉండాలి.