శ్రీకీ సిటీకీ మధ్య ఖాళీ

పట్టాలు అందుకున్న మీకు నా అభినందనలు.

2013లో మొదలైన ఈ శ్రీ సిటీ ట్రిపుల్ ఐటీ నుంచి మీలో చాలామంది నేరుగా సర్వర్ల పనికి వెళ్తారు. అక్కడ ఎప్పుడో ఎవరో రాసిన షెల్ స్క్రిప్టులు మీ చేతికొస్తాయి. వాటి గురించి ఒక్క మాట చెప్పాలని వచ్చాను.

ఈ ఊరి పేరే తీసుకోండి. 'శ్రీ సిటీ' అన్న ఫోల్డరు పేరును వేరియబుల్‌లో పెట్టి, కోట్స్ లేకుండా డిలీట్ కమాండుకు ఇవ్వండి. బ్యాష్ ఆ ఖాళీ దగ్గర పేరును రెండుగా విడగొడుతుంది. మీరు తీసేయమన్న ఫోల్డరు కదలదు. పక్కన 'శ్రీ' అనే ఫోల్డరు ఉంటే అది పోతుంది. పేరులో స్టార్ గుర్తుంటే ఇంకా ప్రమాదం, దాని చోటికి అక్కడున్న ఫైళ్ల పేర్లన్నీ వచ్చేస్తాయి. 1979లో స్టీఫెన్ బోర్న్ షెల్ వచ్చిన నాటి నుంచీ ఇదే నియమం. వేరియబుల్‌కు అటూ ఇటూ డబుల్ కోట్స్ పెడితే పేరు పేరుగానే ఉంటుంది.

కోట్స్ ఒక్కటే చాలదు. 2015 జనవరిలో ఆటల యాప్ స్టీమ్ లినక్స్ స్క్రిప్టులో బయటపడిన లోపం చూడండి. కోట్స్ ఉన్నాయి, కానీ వేరియబుల్‌లో విలువ లేదు. దాని వెనకున్న స్లాష్, స్టార్ మాత్రమే మిగిలాయి. అంటే రూట్ నుంచి మొత్తం చెరిపేయమని! ఒక వాడుకరి ఫైళ్లు బ్యాకప్ డ్రైవుతో సహా పోయాయి. అది ప్రమాదకరమైన లైనని రాసినవారికి తెలుసు, పక్కనే కామెంటు కూడా పెట్టారు. కామెంటు బదులు వేరియబుల్ పేరును బ్రేసుల్లో పెట్టి, చివర కోలన్, ప్రశ్నార్థకం చేర్చి ఉంటే స్క్రిప్టు అక్కడే ఆగిపోయేది.

ఫైళ్ల పేర్లలో ఖాళీలు వద్దని నిషేధిస్తే సరిపోతుంది కదా అనేవాళ్లు మీకు ఎదురవుతారు. నేను ఒప్పుకోను. ఇంటిపేరు, చుక్క, ఖాళీ కలిస్తేనే మన పేర్లు. 'శ్రీ' కంటికి ఒక్క అక్షరమే అయినా యూటీఎఫ్-8లో 12 బైట్లు. ఆ బైట్లను మధ్యలో కోస్తే మనిషి పేరు చెడిపోతుంది. పేరు మనిషిది, దాన్ని ఉన్నదున్నట్టు మోయాల్సింది మన కోడు.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మీకు అప్పగించిన స్క్రిప్టులను షెల్‌చెక్ అనే పరికరంతో ఒకసారి చూడండి. అది ఎత్తిచూపిన ప్రతి వేరియబుల్‌కూ కోట్స్ పెట్టండి. విజయోస్తు.