పెరటికి తగిన కోడి
(మొరప్పూర్ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంతవరకు మాట్లాడిన పెద్దలు పంచాంగమును గూర్చి, మన భాషను గూర్చి, పిల్లల చదువును గూర్చి చక్కగా సెలవిచ్చినారు. మా వంతుకు కోళ్లు వచ్చినవి. నవ్వకండి. ఇది మేము కోరి తెచ్చుకొన్న విషయము కాదు. ఈ ఊరిలోను, చుట్టుప్రక్కలను ఉన్న మన కుటుంబములవారు నాలుగైదు ఇండ్లనుండి “మీ పెరటిలో తిరిగే ఆ కోళ్లు ఏ జాతివి? ఎక్కడ దొరుకును? పిల్లలను పొడవవా?” అని అడుగుచుండుటచేత, ఒక్కొక్కరికి వేరువేరుగా చెప్పుటకంటె సభలోనే చెప్పివేయుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. మాంసము ముట్టని ఇండ్లవారు ఒక పావుగంట ఓర్చుకొనవలెనని ప్రార్థన.

మేము కోళ్ల శాస్త్రము చదివినవారము కాము. రైల్వేలో గుమాస్తా పని, మెట్రిక్ చదువు. మాకు తెలిసినదంతా మూడుమార్లు చెడిపోయి నాల్గవమారు నిలద్రొక్కుకొనుటవలన తెలిసినదే. కనుక చెడిపోయిన కథనే ముందు చెప్పెదము.

మా నాయనగారు పోయిన పిమ్మట అమ్మ మా వద్దకు వచ్చినది. అరవము రాదు. పగలంతా మేము స్టేషనులో, కోడలు వంటలో, పిల్లలు బడిలో. ఆమెకు తోచక, “నాలుగు కోళ్లు తెచ్చి పడవేయరా, వాటితోనైనా తెలుగులో మాట్లాడుకొందును” అన్నది. ప్రక్క ఇంటిలో ఒక పాట్టి ఉన్నది. ఆమె వద్ద ఏడు నాటుకోళ్లు. మా అమ్మ గోడమీదుగా చేయి చూపి “అక్కా, రెండు పుంజులు ఇస్తావా?” అని అడిగినది. అరవములో కుంజు అనగా కోడిపిల్ల. పాట్టి సంతోషముగా రెండు పిల్లలను కొంగులో వేసుకొని తెచ్చి ఇచ్చినది. ఆ నవ్వులతో వారిద్దరికీ స్నేహము కుదిరినది. అక్కా అనుమాట రెండు భాషలలోను ఒకటే గదా!

ఆ పిల్లలను పిల్లి ఎత్తుకొనిపోయినది. తరువాత మేము కొన్నవి తిరునాళ్లలో గులాబిరంగు, ఆకుపచ్చరంగు వేసి అమ్ము పిల్లలు. అవి గుడ్ల కోళ్ల జాతిలో పుట్టిన మగపిల్లలు. గుడ్డు పెట్టవు, మాంసమూ పట్టవు గనుక హేచరీలవారు వదలించుకొనునవి. వారము తిరుగకుండ ఒకటొకటిగా పోయినవి. మా చిన్నది రెండు రోజులు అన్నము తినలేదు. దయచేసి ఆ రంగు పిల్లలను ఎవరును కొనవద్దు.

రెండవమారు నాలుగు తెల్ల పెట్టలను తెచ్చినాము. తెల్ల లెగారను జాతి ఇటలీ దేశపు లివోర్నో రేవునుండి పేరు తెచ్చుకొన్నది. సంవత్సరమునకు సుమారు 300 గుడ్లు పెట్టును. సేలమునకు ఆవలనున్న నామక్కల్ గుడ్ల వ్యాపారమంతయు ఈ తెల్లకోడి సంతతిమీదనే నడచుచున్నది. అయితే అది పంజరమునకు, లెక్కగా పెట్టు మేతకు, నిశ్శబ్దమునకు అలవడిన పక్షి. గూడ్సుబండి కూత వేసినంతనే మా నాలుగు పెట్టలును గోడెక్కి నాలుగు దిక్కులకు ఎగిరినవి. అమ్మ వాటి వెంట పరుగెత్తలేకపోయినది. తెల్లరంగు గనుక గద్దకు ఆకాశమునుండియే కనబడును. వాటిని అమ్మివేసినాము.

మూడవమారు జరిగినదే మేము సిగ్గుతో చెప్పవలసినది. ఒక వారపు సంతలో డేగపుంజు ఒకటి కంటబడినది. పందెము జాతిది. మనవైపువారికి డేగ, కాకి, నెమలి, పర్ల అను పేర్లు చెవినిబడినచో మతి నిలువదు. చిన్నప్పుడు సంక్రాంతికి విన్న కుక్కుట శాస్త్రమంతయు జ్ఞాపకము వచ్చి, పందెమునకు గాకపోయినను అందమునకైన ఉండవలెనని, దానిని, రెండు పెట్టలను కొని తెచ్చితిమి. మూడవనాడు ఆ పుంజు మా చిన్నదాని కంటిక్రింద పొడిచినది. వెంట్రుకవాసిలో కన్ను తప్పినది. ఎనిమిదవనాడు పెట్టలలో ఒకటి నోరు తెరచుకొని గురకపెట్టుచు, పచ్చని తెల్లని రెట్ట వేయుచు, మెడ మెలిత్రిప్పి పడిపోయినది. కొక్కెర తెగులు. మిగిలిన రెండును పోయినవి. గోడ ఇవతల ఆగిపోయినయెడల మా నష్టము మాదే అయ్యెడిది. పది దినములలో పాట్టి కోళ్లు ఏడును చచ్చినవి. ఆమె పెట్టెలో దాచుకొను డబ్బు ఆ గుడ్లదే. ఆమె మమ్ము ఒక్కమాట అనలేదు. మూడు నెలలు మా అమ్మతో మాట్లాడనూ లేదు. గోడ మునుపటి గోడయే. అమ్మ మాత్రము దానివైపు ముఖము పెట్టి కూర్చుండుట మానివేసినది.

ఈ తెగులును ఇంగ్లీషువారు న్యూకాసిల్ అందురు. మన దేశములో కుమావూను కొండలలోని రాణిఖేత్ వద్ద 1927లో కనుగొన్నందున రాణిఖేత్ అనియు పేరు. వచ్చిన తరువాత మందు లేదు. రాకుండ టీకా కలదు. పేడితో పోయెడు దానికి మేము టీకా వేయింపక ఏడు కోళ్లను, ఒక స్నేహమును పోగొట్టినాము.

ఇక జాతి సంగతి. రెండు విధముల పనికివచ్చు కోడి అని పుస్తకములలో వ్రాయుదురు; అనగా పెట్ట గుడ్లకు, పుంజు కూరకు. వినుటకు సుళువే. కాని గుడ్డును, కండయు ఒకే మేతనుండి రావలెను. ఒళ్లు బరువెక్కిన పెట్ట గుడ్లు తగ్గించును, గుడ్లు మెండుగా పెట్టునది చిక్కియుండును. కాబట్టి రెండు విధముల కోడి అనునది ఎప్పుడును ఒక రాజీయే. ఆ రాజీ ఎక్కడ కుదుర్చుకొనవలెనన్నది మన పెరటినిబట్టి యుండును. సీమలో ఇట్టి రాజీకి పేరుపడినది ఆర్పింగ్‌టన్. 1886లో విలియం కుక్ అనునాయన కెంటు మండలములోని ఆ ఊరిలో తయారుచేసినాడు. పిల్లలు చంకనెత్తుకొని తిరుగునంత సాధువు. అయితే దాని దట్టపు ఈకలకు మన ధర్మపురి ఎండలో ప్రాణము నిలుచుట కష్టము. దొర కోటు వేసుకొని మేలో ప్లాట్‌ఫారముమీద నిలుచున్నట్లుండును.

మనకు దగ్గరలోనే మంచివి కలవు. హైదరాబాదు రాజేంద్రనగరములో భారత వ్యవసాయ పరిశోధన మండలివారి కోళ్ల పరిశోధనా సంస్థ 1988లో ఏర్పడినది. అచ్చటివే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయమువారి నందనం కోళ్లు, బెంగుళూరు హెబ్బాళమువారి గిరిరాజ, స్వర్ణధార కూడ పెరటికొరకే పుట్టించినవి. హోసూరులో కోళ్ల పెంపకమునకు ప్రత్యేకముగా కళాశాలయే కలదు. మన బిడ్డలలో ఎవరికైన ఆసక్తి యుండిన విచారింపవచ్చును.

లెక్క చెప్పుమందురా, ఇవి స్థూలముగా చెప్పుచున్నాము, మేతనుబట్టి మారును. మామూలు నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు. కడక్‌నాథ్ అను నల్లకోడి నూరు ప్రాంతము. వనరాజా పెరటిలో 100 నుండి 110. శ్రీనిధి 140 దాటును. గ్రామప్రియ 160 వరకు, ఇంకను పైన పెట్టును. మాంసమునకు ఈ మూడింటిలో వనరాజాయే ముందు. గ్రామప్రియ తేలిక ఒళ్లు, గుడ్లవైపు మొగ్గు. శ్రీనిధి నడుమ నిలుచును.

కేవలము ఈ అంకెలు చూచి ఎన్నుకొనినచో మేము గ్రామప్రియనే తెచ్చియుందుము. కాని మా ఇంట నాలుగేండ్ల పిల్ల, డెబ్బదియేండ్ల ముసలమ్మ. మాకు కావలసినది చేతికి చిక్కు కోడి. వనరాజా బరువైనది, నిదానమైనది, గోడ ఎగురదు, పిలిచిన కాళ్లచుట్టు తిరుగును. అందుకని అదే తెచ్చితిమి. ఈ నిదానమే దాని లోపమును. కుక్కగాని, ముంగిసగాని వచ్చిన పరుగెత్తలేదు. మీ ఇల్లు పొలములో ఉండి, కంచె లేక, కోళ్లు తమంతట తాము దూరము తిరిగి మేయవలసియున్నయెడల మా మాట విని వనరాజాను తెచ్చుకొనవద్దు. అచ్చట గ్రామప్రియగాని, ఈ ప్రాంతపు సిరువిడై అను చిన్న నాటుకోడిగాని మేలు. గోడకట్టుగల పెరడు, చిన్నపిల్లలుగల ఇల్లు అయిన వనరాజా, లేనిచో శ్రీనిధి. పందెపు జాతి పుంజు పిల్లలున్న ఇంట వద్దేవద్దు. ఎంత అందముగానున్నను వద్దు.

సాధుత్వము జాతితో సగమే వచ్చును. మిగిలిన సగము చేతితో వచ్చును. మా చిన్నది మొదటి వారమునుండి అరచేతిలో నూకలు పెట్టి మేపినది. అట్లు పెరిగినవి పట్టుకొన్నను కేకలు వేయవు. పుంజులలో మాత్రము ఏదో ఒకటి కొమ్ములు తిరిగినది పుట్టకపోదు. మనుష్యులమీదికి దూకు పుంజును ఉంచవద్దు. గుడ్లు తినుటకు పుంజుతో పనియే లేదు, పొదిగించుటకే కావలెను. ఎనిమిది పది పెట్టలకు ఒకటి చాలును. తెల్లవారుజామున నాలుగింటికి అది కూయును. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకొనువారు ఈ సంగతి ముందే ఆలోచించుకొనవలెను.

మా బావమరిది హైదరాబాదునుండి ఇరువదియైదు ఒకనాటి పిల్లలను చిల్లుల పెట్టెలో రైలులో తెచ్చినాడు. గుడ్డులోని పచ్చసొన శేషము కడుపులో ఉండుటచేత పిల్లలు పుట్టిన తరువాత రెండు దినములు మేత లేక నిలువగలవు. పెద్ద స్టేషనులలో పార్సిలు ఆఫీసున పనిచేసినవారికి ఆ పెట్టెల కీచుకీచులు పరిచయమే. పెట్టె ఇంటికి రాగానే అమ్మ దానిని ఎత్తుకొని తిన్నగా పాట్టి గుమ్మములోనికి పోయినది. “నీవి ఏడు పోయినవి, ఏడు తీసికో” అని వ్రేళ్లు చూపినది. పాట్టి తీసికొనలేదు. లోపలికి పోయి, పశువుల ఆసుపత్రిలో ఇచ్చిన చీటీ ఒకటి తెచ్చి మా చేతిలో పెట్టినది. అందు టీకా దినములున్నవి. ముందు ఇది, ఆ తరువాతనే పిల్లలు అని అరవములో అన్నది.

ఆ దినములు ఇవి. ఏడవనాడు లసోటా చుక్క కంటిలోగాని, ముక్కులోగాని. పదునాల్గవనాడు గంబోరో. నాలుగు వారములకు మరల లసోటా. ఆరవ వారమున అమ్మవారి టీకా. ఎనిమిదవ వారమున రాణిఖేత్ రెండవ మందు, రెక్కక్రింద సూది. ఇందులో ఒక చిక్కున్నది. మందు సీసా నూరు కోళ్లకు సరిపోవునట్లు వచ్చును, కలిపిన తరువాత గంట, రెండు గంటలలో వాడివేయవలెను, మంచులో పెట్టి తేవలెను. పది కోళ్లున్నవాడు ఒక్కడు తెచ్చిన తొంబది చుక్కలు నేలపాలు. అందుచేత మా వీధిలో కోళ్లున్న ఇండ్లన్నిటికీ ముందునాడు చెప్పి, అందరివి ఒకేపూట వేయించుచున్నాము. మేము ఫ్లాస్కులో మంచు తెత్తుము, కోళ్లను పట్టి ఇచ్చుట పాట్టి పని. ఇది ఒక ఇంటివారు వేయించి ప్రక్కింటివారు మానుటకు వీలులేని పని అని మాకు తెలిసినంతగా ఎవరికి తెలియును?

పిల్లలకు మొదటి వారము వేడి 95 డిగ్రీల ఫారన్‌హీటు కావలెను, తరువాత వారమునకు ఐదేసి తగ్గింపవచ్చును. గంపక్రింద అరువది వాట్ల బల్బు చాలును. పిల్లలు బల్బుక్రింద గుంపుకట్టిన చలి, అంచులకు పోయి నోరు తెరచిన ఉక్క. థర్మామీటరుకంటె అదే నమ్మకము. మేతకు రాగులు, నూకలు, ఆకుకూర తుంపులు. వేరుసెనగ పిండి మంచిదే గాని బూజుపట్టినది పెట్టరాదు, పిల్లలకు విషము. గుడ్డు పెంకులను కాల్చి పొడిచేసి కలిపిన పెట్టకు సున్నము దొరకును. ఎదిగిన వనరాజాకు మాత్రము ప్రేమకొలది మేత పెట్టవద్దు. కొవ్వుపట్టి గుడ్లు మానును. మా అమ్మకు ఈ మాట ఎక్కించుటకు ఒక సంవత్సరము పట్టినది.

ఇరువదియైదులో మూడు మొదటి వారములోనే పోయినవి. ఏడు పాట్టికి, పదునైదు మాకు. మావాటిలో రెంటిని ముంగిస తీసికొన్నది. అప్పుడు గూటికి సన్నకంత జల్లెడ తొడిగించినాము. మిగిలిన పదమూడులో ఏడు పెట్టలు, ఆరు పుంజులు. పుంజులు నాలుగు నెలలకు ఒకటిన్నర కిలో దాటినవి. ఒకదానిని ఉంచి ఐదింటిని తీసివేసితిమి. చిన్నది పేర్లు పెట్టినవాటిని మా ఇంట వండలేదు, అమ్మినాము. ఈ సంగతి కూడ ముందే ఆలోచించుకొనదగినది. పెట్టలు ఆరవ నెలలో మొదలుపెట్టినవి. ఏడు పెట్టలకు మొదటి ఏడాది 690 గుడ్లు, అమ్మ క్యాలెండరుమీద గీచిన గీతల లెక్క.

వనరాజా పొదుగదు. పొదుగు బుద్ధి దానికి పోగొట్టినారు. పిల్లలు కావలెనన్న నాటుపెట్ట క్రింద పెట్టవలెను. అట్లు పుట్టినవి తల్లివంటివి కావు, ఒకటి ఒకరకము, ఒకటి మరొకరకము. గుడ్లు ముఖ్యమనుకొన్నవారు రెండేండ్లకొకమారు క్రొత్త పిల్లలను తెచ్చుకొనుటయే తగును. అయినను పాట్టి మరల ఒక సిరువిడై పెట్టను సంపాదించినది. దానిక్రింద మా గుడ్లు పండ్రెండు పెట్టి నేటికి పదునెనిమిది దినములు. ఇంక మూడు దినములలో పిల్లలగును. సగము ఆమెకు, సగము మాకు అని ఇద్దరు అక్కలును మాటాడుకొన్నారట. ఏడవనాటి చుక్కలకు ఎవరి ఇంటనైన పిల్లలున్నచో రేపు సాయంకాలములోగా మాకు చెప్పవలెను. సీసా ఒకటే తెత్తుము.