తడబడిన మాటకు తాత్పర్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



జమాఖర్చులు వ్రాసి జీవించు నావంటివాడు వ్యాధులను గూర్చి మాటాడుట సాహసమే. కాని నేను చెప్పబోవునది మందుల మాట కాదు, మాటల మాట.

మన యిండ్లలో జ్ఞాపకము సన్నగిల్లి, మాట తడబడు వృద్ధులు కలరు. మనవారు దీనిని చాదస్తమందురు; వైద్యులు డిమెన్షియా అందురు. ఇది మెదడునకు వచ్చిన వ్యాధి. ఇందులో ముఖ్యమైన యొక రకమును 1906లో జర్మనీ వైద్యుడు ఆల్జీమర్ వివరించెను. 2023లో వెలువడిన పరిశోధనను బట్టి మన దేశమున అరువదేండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షల మందికి, ఈ వ్యాధి కలదు.

వ్యాధిగ్రస్తులకు వస్తువు కనబడును, పేరు దొరకదు. అడిగినదే మరల అడుగుదురు. ఇంటివారు విసిగి కసరుదురు. కొన్నాళ్ళకు ఆ వృద్ధులు మాటాడుటయే మానుదురు. దాహము, నొప్పి, భయము లోపలనే యుండిపోవును. ఇది సామాన్యమైన నష్టము కాదు.

మన ఆలంకారికులు శబ్దమునకు అభిధ, లక్షణ, వ్యంజన అను శక్తులను చెప్పిరి. ప్రొద్దు గ్రుంకినదన్నచో పసులకాపరికి మందను తోలుకొనిపొమ్మని అర్థము. గృహిణికి దీపము పెట్టుమని అర్థము. అది వ్యంజన. ఈ వ్యాధియందు ముందుగా చెడునది అభిధ. వ్యంజన చాలకాలము నిలుచును. శుశ్రూష చేయువారు నేర్వవలసిన విద్య దానిని గ్రహించుటయే.

ఒక వృద్ధురాలు "మా అమ్మ యింటికి పోయెదను" అన్నదనుకొనుడు. "మీ అమ్మ పోయి నలువదేండ్లయినది" అని సరిదిద్దినచో, ఆమెకు తల్లి ఆ క్షణముననే మరణించినట్లగును. ఆమె కోరునది ఆదరణ. ప్రక్కన కూర్చుండి, చేయి పట్టుకొని, "మీ అమ్మగారు ఏమి వండెడివారత్తమ్మా?" అని కోడలడిగినచో ఆ మనస్సు కుదుటపడవచ్చును.

మన ప్రాంతమున మరియొక చిక్కు గలదు. 1948కి పూర్వము నిజాం రాజ్యమున బడికి పోయినవారిలో పలువురు ఉర్దూ చదువు చదివినవారు. ఈ వ్యాధిలో క్రొత్త జ్ఞాపకములు ముందు పోయి, పాతవి మిగులుచుండును. తాతగారు ఉర్దూలో పలుకరించినను, 1959లో చెల్లుబాటు పోయిన హాలీ సిక్కా రూపాయి నడిగినను, మనుమలు నవ్వరాదు. పాత చిఠ్ఠాను నేటి నాణెములతో సరిచూచి తప్పనుట న్యాయము కాదు. రెండు భాషలు మేలే చేయును. హైదరాబాదు నిమ్స్ వైద్యశాలలో 648 మంది వ్యాధిగ్రస్తులను పరిశీలించి 2013లో ప్రకటించిన పరిశోధనలో, ఒక్క భాషయే వచ్చినవారికంటె రెండు భాషలవారికి వ్యాధి సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చినట్లు తేలినది. అక్షరజ్ఞానము లేనివారియందును ఈ భేదము కనబడినది.

ఇక ఆచరణ. మొదట వారి చెవులు, కన్నులు బాగున్నవో లేదో పరీక్ష చేయింపవలెను. ఎదుట నిలిచి, వరుస పెట్టి పిలిచి, ఒక్కమారు ఒక్క మాటయే చెప్పవలెను. జవాబునకు ఓపికతో వేచియుండవలెను. "ఏమి తిందురు?" అనుటకంటె "అన్నమా, రొట్టెయా?" అని రెండును చూపుట మేలు. "నేనెవరినో చెప్పుడు" అని పరీక్ష పెట్టరాదు. వారు వినుచుండగా, వారు లేనట్లు మాటాడరాదు. ఉన్నట్టుండి కేకలు వేసినను, మూగవోయినను జ్వరమో, మూత్రదోషమో, నొప్పియో యుండవచ్చును. వెంటనే వైద్యునికి చూపవలెను.

ఇది వైద్యులు మాత్రమే నేర్పదగినది కాదు. గోవాలో 81 కుటుంబములతో చేసి 2008లో ప్రకటించిన ప్రయత్నమున, శిక్షణ పొందిన సామాన్యులే యిండ్లకు పోయి సలహాలిచ్చిరి. శుశ్రూష చేయువారి మనోవ్యథ తగ్గినది.

కావున నా విన్నపము. నెలకొక సాయంకాలము మన గ్రంథాలయమున కోడండ్రు, కుమారులు, ఆశా కార్యకర్తలు కూడవలెను. ప్రతి యింటను మాటల చిఠ్ఠా యొకటి యుండవలెను: ఏ దినమున, ఏ వేళ, ఏ మాట యనిరి, తుదకు వారికి కావలసినదేమి. నెల తిరుగునప్పటికి ఆ పుటలే నిఘంటువగును. రాత్రింబవళ్ళు ఒంటరిగా శ్రమించు కోడలికి ఆ చిఠ్ఠా చూచి మరియొకరు ఒక పూట విశ్రాంతి నీయవచ్చును.

మనకు మొదటి మాటలు నేర్పినవారు వీరే. మన వచ్చీరాని పలుకులకు అర్థము కల్పించుకొని మురిసినవారును వీరే. ఆ బాకీ మన ఖాతాలో నిలిచియున్నది. దానిని తీర్చుకొందుము గాక.