అవ్వ కథ, మనుమడి పుస్తకం



నేను కథలను కల్పించినవాడను కాను. హోసూరు ప్రాంతపు రాగిచేల గట్లమీద ఏరుకొన్నవాడను. అధికభాగం మా అవ్వ చెప్పినవే. తొలి కథ అచ్చయినపుడు చదివి వినిపించగా, “చెప్పింది నేనైతే పేరు నీదేందిరా?” అన్నది. నాకు బదులు తోచలేదు.

ఇడైసెవల్‌లో తెలుగింట 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ గారు మనవారి వలసగాథను ‘గోపల్ల గ్రామం’గా తమిళంలో వ్రాశారు. చదివి గర్వించాను, దిగులూ పడ్డాను. నేను తెలుగును విడువలేదు.

మొన్న అవ్వ కథను మనుమడి చేతికిచ్చాను. “తాతా, నువ్వే చదువు” అన్నాడు. వాడికి మాట వచ్చును, లిపి రాదు. ఇప్పుడు రోజూ సాయంత్రం సగం కథ చదివి, పుస్తకం వాడి ఒడిలో పెట్టి లేస్తున్నాను. నిన్న మూడు పంక్తులు కూడబలుక్కొన్నాడు.