మాటలతో కట్టిన గుహ



సీతాదేవిని వెదకుచు వానరులు ఋక్షబిలమున జొచ్చి, చీకటిలో దారి గానక తిరుగాడి, తుదకు స్వయంప్రభ దయవలన బయటపడిన కథ మీరెఱుగనిది కాదు. అట్టి బిలమొకటి కంప్యూటరులో గలదు. దానిపేరు కొలోసల్ కేవ్ అడ్వెంచర్. కేసముద్రములో మాయింట గూర్చుండియే యిరువది రాత్రులు నేను దానిలో సంచరించితిని.

ఈ యాటలో బొమ్మ యొక్కటియు లేదు. నీవున్న చోటెట్టిది, అచ్చట నేమున్నది, దారి యెటు పోవుచున్నదని తెరమీద నాలుగు వాక్యములు కనబడును. దీపము తీసికొమ్మనియో, పడమరకు పొమ్మనియో మనము రెండేసి యింగ్లీషు మాటలలో నాజ్ఞ వ్రాయవలెను. ప్రతిమాటయందును మొదటి 5 అక్షరములే యంత్రము చూచును. తక్కినవి దానికి బట్టవు. అర్జీలను ఈ తీరున జదువు కచ్చేరీలు మనకును క్రొత్త గాదు! లోపల 15 నిధులు గలవు. గొడ్డళ్లును కత్తులును విసరు మఱుగుజ్జు లున్నారు. దారికడ్డమైన పామునకు మన యాయుధములు లెక్కలేదు. పంజరములోని చిన్నపిట్టను విడిచినచో నదియే తరిమివేయును. ఒక మంత్రపదము వ్రాసినచో, స్వయంప్రభ కన్నులు మూయించి వానరులను దాటించినట్లు, రెప్పపాటున గుహ వెలుపలి యింటికి జేరుదుము.

దీనిని కట్టినవాడు విల్ క్రౌథర్ అను అమెరికా దేశస్థుడు. దూరప్రాంతముల కంప్యూటరులను గలిపిన తొలి వలలలో నొకటియగు ఆర్పానెట్ నిర్మాణములో బనిచేసెను. గుహలన్న నతనికి మక్కువ. కెంటకీ రాష్ట్రమందలి మామత్ గుహలలో భార్యతో గూడ దిరిగి, కొలతలకు బటములు వ్రాసెను. ఆ వివాహము విచ్ఛిన్నమైన పిమ్మట పిల్లలు తనకు దూరమగుచున్నారని దిగులుపడి, వారు వచ్చినప్పు డాడుకొనుటకై 1975-76 ప్రాంతమున ఈ యాటను రచించెను. 1977లో డాన్ వుడ్స్ అను విద్యావంతుడు క్రౌథర్ అనుమతితో దానిని పెంచెను. మఱుగుజ్జులు కల్పితములే గాని, త్రోవలు చాలవఱకు ఆ తండ్రి ప్రాకి కొలిచినవి. ఆటనుబట్టియే నిజమైన గుహలో దారి గుర్తించినవారు గలరని గుహాన్వేషకులు చెప్పుదురు.

లోపల నొక చిక్కుదారుల చోటున్నది. ఎటు పోయినను అవే వాక్యములు మరల వచ్చును. నేను చదివి తెలుగున జెప్పుచుండగా వినుచున్న మా మేనత్త, చదువురానిది, "బిడ్డా, చేతిల ఇన్ని సామాన్లున్నయి గద, ఒక్కోకాడ ఒక్కోటి పెట్టుకుంట పో" అనినది. చూడగా నుపాయమదియే! అది మొదలు ఆమె చెప్పుచుండగా మిరపకాయ లమ్మిన తక్‌పట్టీల వెనుక నేను పటము గీసితిని.

క్రౌథర్ వృత్తాంతము చెప్పినప్పుడు ఆమె యడిగిన దొక్కటే: ఆ పిల్లలు ఆడిరా యని. ఆడి, మిక్కిలి సంతసించిరని చెప్పితిని. సరే, దీపమార్పి పండుకొమ్మనినది. ఆటలోని దీపమునకును బ్యాటరీ పరిమితమే గనుక నేనును ఆర్పితిని. 350 గుణములకుగాను నాకింకను సగము రావలసి యున్నవి.