వయ్యారిభామ – వేరుశనగ చేను



చేమంతి, బంతి, పొద్దుతిరుగుడు ఏ కుటుంబమునకు చెందినవో వయ్యారిభామయు ఆ కుటుంబమునకే చెందినది. ఆకు క్యారట్ ఆకువలె చీలియుండును. పూవు తెల్లని చిన్న గుండీని పోలును. ఇంత ముద్దుపేరు ఏ పంటమొక్కకును దక్కలేదు. దీనికి దక్కుట విడ్డూరమే.

దీని పుట్టినిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములు. 1955లో పుణెలో దీనిని గుర్తించిరి. దిగుమతి గోధుమలతో వచ్చినదని చెప్పుకొందురు. ఎట్లు వచ్చిననేమి, నేడు పొలముగట్టు, బాటప్రక్క, కాలువయొడ్డు, బడి ఆవరణ అన్నియు దానివే. తగిలిన దురద, దద్దుర్లు, పుప్పొడివలన ఉబ్బసము, మేసిన పశువు పాలు చేదగుట అందరెరిగినవే. అంతగా ఎరుగనిది వేరొకటి గలదు.

2000 సంవత్సరమున అనంతపురము జిల్లాలో వేరుశనగ మొక్కలు కొనలు మాడి, కాండము నల్లబడి, ఎండిపోయెను. సుమారు 2,25,000 హెక్టార్ల పైరు దెబ్బతినెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించెనని అంచనా. చూపునకు అది పాత మొవ్వుకుళ్ళువలెనే యుండెను. పరిశోధింపగా టొబాకో స్ట్రీక్ అను వైరసు బయటపడెను. దానికి ఆశ్రయము గట్టుమీది వయ్యారిభామ!

వైరసు ఒంటనున్నను ఆ మొక్కకు ఏ రోగలక్షణమును కనబడదు. పచ్చగా ఎదిగి, పూచి, వైరసుతో కూడిన పుప్పొడిని వెదజల్లును. ఆ పూలలో తిరుగు తామరపురుగుల దేహమునకు పుప్పొడి అంటుకొనును. అవి వేరుశనగ లేతాకులపై వ్రాలి, గీరి రసము పీల్చునపుడు ఆ గాయములగుండ వైరసు మొక్కలో ప్రవేశించును. పూతకు మునుపే పీకివేసిన గట్టునుండి ఈ ముప్పు రాదు.

అయితే తన చేను అద్దమువలె నుంచుకొన్న రైతును ప్రక్కనున్న బీడు ముంచును. బీడునకు, బాటకు కలుపుకూలి ఎవరిత్తురు? ఇది ఊరుమ్మడి పని. మొలచిన నెలదినములకే ఇది పూతకు వచ్చును. ఒక్క మొక్క వేల గింజలు రాల్చును. కావున తొలకరి తరువాత ఊరంతయు ఒకే వారమున దిగవలెను. మెక్సికోనుండి తెచ్చి 1984లో బెంగుళూరున విడిచిన పెంకుపురుగు దీని ఆకులను తినివేయును గాని, దాని చురుకు వానకాలమునందే. దానిని నమ్మి కూర్చుండుట తగదు.

పీకువారు చేతులకు గుడ్డ చుట్టుకొనవలెను. దురదలు, ఉబ్బసము గలవారిని ఈ పనికి పిలువరాదు. పూయని మొక్కను ఎరువుగుంటలో వేయవచ్చును. పూచినదానిని పీకి గట్టుననే పడవేసినచో గింజ అచ్చటనే రాలును. చేను చుట్టును కొన్ని సాళ్ళు జొన్న గాని సజ్జ గాని దట్టముగా విత్తినచో, గాలివాటున వచ్చు తామరపురుగులు చాలవరకు అచ్చటనే ఆగిపోవును.